బుజ్జమ్మకు, పదహారు కుర్చీల సంగతి

చిక్కడపల్లి,
హైదరాబాద్.

అమ్మా బుజ్జమ్మా,

మొన్న రాత్రి పదిన్నరకి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే నాకు కాళ్ళు వణుకుతాయి, ఎవరికేమైందోనని. "అన్నయ్యా, బుజ్జి ఉద్యోగం మానేసి ఆర్కెస్ట్రా పెడతానంటోంది. నా మాట వినట్లేదు. నువ్వు చెబితే వింటుంది" అన్నాడు. ఏం చెప్పమంటావురా అంటే, వద్దని చెప్పమన్నాడు. సరేలే అని పెట్టేశాను.

పెట్టేసి మీ పెద్దమ్మని నిద్రలేపాను. "బుజ్జమ్మ బృందం కడుతోందటే. అన్నీ తీగవాద్యాలే. పద్నాలుగు మందట. తనే ముందు నిలబడి చేతులతో నడిపిస్తూ కండక్ట్ చేస్తుందట" అని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆవిడ లేచి కూర్చుని, "ఇంతకీ మీరు సంతోషపడుతున్నారా, భయపడుతున్నారా?" అని అడిగింది. ఏమని చెప్పను? రెండూ ఒక్కసారే వచ్చి గుండె మీద కూర్చున్నాయి. రెండింటి దాకా నిద్రపట్టలేదు. ఫోన్లో మాట్లాడితే కోప్పడతానో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటానో తెలియక కాగితం తీశాను.

వద్దని చెప్పను. మీ నాన్నకి ఆ మాట నువ్వే చెప్పు.

ముందు తేలికైన సంగతులు చెప్పేస్తాను. ఉద్యోగం ఇప్పుడే మానకు. ఆదివారం రిహార్సల్‌కి సోమవారం ఉద్యోగం అడ్డురాదు. రెండేళ్ళు నడిచాక అప్పుడు ఆలోచించు. సొసైటీగా రిజిస్టర్ చేయించు, దానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించు, ఆ రెండో సంతకం మన ఇంట్లో వాళ్ళది కాకుండా చూడు. ప్రతి కచేరీకీ ఎవరికి ఎంత ఇస్తావో ముందే కాగితం మీద రాసివ్వు, రెండొందలైనా సరే. రిహార్సల్ చోటు మెట్రో స్టేషన్‌కి నడిచేంత దూరంలో ఉండాలి. ఎల్.బి.నగర్ నుంచి వచ్చే పిల్లాడూ రాయదుర్గం నుంచి వచ్చే పిల్లా ఇద్దరూ చేరుకోగలిగేది అమీర్‌పేట, కాబట్టి ఆ చుట్టుపక్కలే వెతుకు. అన్నిటికంటే పెద్ద తీగవాద్యం డబుల్ బేస్ మాత్రం ఆటోలో పట్టదు. దాన్ని ప్రతివారం మోయించకుండా అక్కడే పెట్టుకునే గది ఉందో లేదో చూసుకో. నీ చెల్లోని, అంత పెద్ద వాద్యాన్ని, బండి మీద వీపుకి తగిలించుకుని వెళుతున్నావని విన్నాను. ఆ పని ఇంకోసారి చేశావని తెలిస్తే నేనే వచ్చి బండి తాళం తీసుకుంటాను. వాన పడ్డప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద జారితే నువ్వూ మిగలవు, అదీ మిగలదు.

వాద్యాల గురించి ఒక మాట. మన ఊరి గాలి తీగవాద్యాలకి చాలా కఠినం. ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఎండిపోయి తీగలు బిగించే బిరడాలు జారిపోతాయి. ఆగస్టులో ఉబ్బి బిగుసుకుపోతాయి. వానాకాలంలో కమాను వెంట్రుకలు సాగుతాయి, ఎండల్లో ముడుచుకుంటాయి. వాయించడం అవగానే కమాను వదులు చేయమని పిల్లలకి ప్రతిసారీ చెప్పాలి. ఏసీ హాల్లో కచేరీ ఉంటే గంట ముందే అందరూ లోపలికి వెళ్ళి పెట్టెలు తెరిచి ఉంచండి. బయట నలభై రెండు డిగ్రీల్లోంచి తెచ్చి పది నిమిషాల్లో శృతి చేస్తే, మొదటి అంశం అయ్యేసరికి పద్నాలుగు వాద్యాలు పద్నాలుగు దారుల్లో ఉంటాయి.

ఆర్కెస్ట్రా అనగానే మనవాళ్ళు పెళ్ళికి ఎంత తీసుకుంటారని అడుగుతారు. దానికి చిన్నబుచ్చుకోకు. పెళ్ళి స్టేజీల మీద పాటలు వాయించిన వాళ్ళలో కాగితం చూడకుండా ఏ శృతిలో అడిగితే ఆ శృతిలో వాయించే మహానుభావులను చూశాను. నీకు కావలసిన వాళ్ళలో సగం మంది అక్కడే దొరుకుతారు. మిగతా వాళ్ళకోసం సికింద్రాబాద్ చర్చిల్లో వెతుకు. ఇంకా సంగీత కళాశాలలో కర్ణాటక వయొలిన్ నేర్చుకుని పాశ్చాత్య నొటేషన్ చదవాలని తహతహలాడే పిల్లలుంటారు, వాళ్ళను వదలకు. నేల మీద కూర్చుని వయొలిన్ తలను చీలమండకి ఆనించి వాయించే అలవాటున్న వాళ్ళని కుర్చీలో కూర్చోబెడితే మొదటి ఆరు నెలలూ మెడ, భుజం నొప్పి అంటారు. ఆ ఆరు నెలలు ఓపిక పట్టాలి.

ఈ వయొలిన్ మనకెలా వచ్చిందో నీకు చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందో లేదో. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ఐరోపా వాయిద్యగాళ్ళ దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. అన్నగారు ఐరోపా బ్యాండ్ల ట్యూన్లు విని వాటికి సంస్కృత సాహిత్యం రాశారు. వాటినే నొట్టుస్వరాలు అంటాం. శంకరాభరణంలో 'శక్తిసహిత గణపతిం' అని సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లకీ వచ్చేదే. నన్నడిగితే నీ మొదటి కచేరీ దానితోనే మొదలుపెట్టు. నాలుగు గొంతులకి అరేంజ్ చేసుకో, కష్టమేం కాదు. మన త్యాగరాయ గానసభలో ముందు వరుసలో కూర్చునే పెద్దాయనకి అది తన సొంత పాట, వెనక వరుసలో వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లకి తను నిన్న సాధన చేసిన పాట. వాళ్ళిద్దరూ నీ పక్షాన చేరాక మొజార్ట్ మొదలుపెట్టు. 1772లో పదహారేళ్ళ వయసులో ఆయన రాసిన డి మేజర్ డైవర్టిమెంటో, అంటే వినోదం కోసం రాసిన తేలికపాటి రచన, ఉంది కదా, ఆయన రచనల జాబితాలో కె.136. చూడ్డానికి తేలిక. అందులో దాక్కోవడానికి చోటే ఉండదు, ఒక్కరు కమాను తప్పుగా లాగినా హాలంతటికీ తెలుస్తుంది. అందుకే దాన్నే పట్టుకుని మూడు నెలలు కూర్చోండి. చైకోవ్‌స్కీ సెరెనేడ్ వైపు ఇప్పుడే చూడకు. పద్నాలుగు మందితో అది నిలబడదు, నీకు బోలెడంత ఇష్టమని తెలిసే చెబుతున్నాను.

స్పాన్సర్ వచ్చి చివర్లో నాలుగు సినిమా పాటలు పెట్టమంటే పెట్టు. కానీ అవి కూడా మొజార్ట్‌ని సాధన చేసినంత శ్రద్ధగా సాధన చేయించి పెట్టు. నేను మద్రాసు కోడంబాకం సినిమా స్టూడియోల్లో 1974 నుంచి పదేళ్ళు వయొలిన్ల ఆఖరి వరుసలో కూర్చున్నాను. పొద్దున ఏడింటి కాల్‌షీట్‌కి ఆరున్నరకే వెళ్ళి నొటేషన్ కాగితం మీద సిరా ఆరకముందే చూసి వాయించేవాళ్ళం. ఒక్క తీగ తప్పు పలికితే యాభై మంది మళ్ళీ మొదటినుంచి వాయించాలి. ఆ భయంలో నేర్చుకున్నంత నేను ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. సినిమా పాట అని తేలిగ్గా తీసుకునే వాళ్ళని నీ బృందంలోకి రానివ్వకు.

ఇక కండక్ట్ చేయడం. ఇది నేను నీకు నేర్పగలిగింది తక్కువ, నువ్వు అద్దం ముందు నిలబడి నేర్చుకోవలసింది ఎక్కువ. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో. చేయి కిందికి దిగినప్పుడు శబ్దం వస్తుంది, కానీ కాలం తెలిసేది చేయి పైకి లేచినప్పుడు. ఆ లేవడంలోనే ఎంత వేగం, ఎంత బరువు, కమాను ఎంత దగ్గరగా ఆనాలి అన్నీ ఉంటాయి. దానికి ముందు నువ్వు ఊపిరి తీసుకో, వాళ్ళూ నీతోపాటు తీసుకుంటారు. కుడిచేయి లెక్క, ఎడమచేయి భావం. రెండు చేతులూ ఒకే పని చేస్తుంటే ఒక చేయి జేబులో పెట్టుకోవచ్చని మద్రాసులో మా కండక్టర్ ఒకాయన అనేవాడు. స్కోర్‌లో, అంటే అందరి స్వరాలూ రాసిన పుస్తకంలో, తల దూర్చి ఉండకు. వాళ్ళు తలెత్తినప్పుడు నీ కళ్ళు కనపడాలి. ఈ మాట మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకో.

అందరూ నీకు కండక్టర్ జుబిన్ మెహతా పేరు చెబుతారు. చెప్పనీ. ఆయన 1936లో బొంబాయిలో పుట్టి, పద్ధెనిమిదో ఏట 1954లో వియన్నా వెళ్ళి స్వరోవ్‌స్కీ అనే గురువు దగ్గర నేర్చుకుని అంతవాడయ్యాడు, కాదనను. నువ్వు మాత్రం ఆయన తండ్రి గురించి చదువు. మెహ్లీ మెహతా గారు 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించారు. అప్పటికి మనదేశంలో ఆ సంగీతాన్ని అడిగేవాడెవడు, కొనేవాడెవడు? అయినా పెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి మాంచెస్టర్‌లో హాలే ఆర్కెస్ట్రాలో మళ్ళీ ఒక వాద్యకారుడిగా కూర్చున్నారు. సొంత ఆర్కెస్ట్రా నడిపిన మనిషి ఇంకొకరి చేతి కింద కూర్చుని వాయించడం ఎంత కష్టమో నాకు తెలుసు. తర్వాత లాస్ ఏంజెలిస్ చేరి 1964లో కుర్రవాళ్ళకోసం అమెరికన్ యూత్ సింఫనీ పెట్టి ముప్ఫై మూడేళ్ళు నడిపారు. దాన్ని మొదలుపెట్టేటప్పటికి ఆయన వయసు యాభై దాటింది. నీకు ఇరవై తొమ్మిది. మొదటిది నిలబడకపోతే జీవితం అయిపోయిందనుకోకు.

మనవాళ్ళలో చూస్తే ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు. అంతటి వైణికులు ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపించారు. ఉత్తరాది వాద్యాలూ దక్షిణాది వాద్యాలూ ఒకే చోట. ఒకరికి గమకం ప్రాణం, ఒకరికి మీండ్, అంటే స్వరం నుంచి స్వరానికి జారడం, ప్రాణం. వాళ్ళందరి చేతా ఒకే కాగితం చూసి వాయించడానికి సంగీతం తెలిస్తే చాలదు, మనుషులు తెలియాలి.

నేను అందరికంటే ఎక్కువగా తలచుకునేది ఇంగ్లండ్ వయొలిన్ వాద్యకారుడు నెవిల్ మారినర్‌ని. 1958లో లండన్‌లో కొద్దిమంది వాద్యకారులు ఆయనతో చేరి, కండక్టర్ పెత్తనం లేకుండా తమ సంతోషం కోసం వాయించుకోవడం మొదలుపెట్టారు. అదే సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ అకాడమీ అయింది; ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉన్న చర్చి పేరే దానికి పెట్టుకున్నారు. మొదటి కచేరీ 1959 నవంబరులో. చాలా ఏళ్ళు ఆయన కుర్చీలో కూర్చుని వయొలిన్ వాయిస్తూనే నడిపించారు. బృందం పెద్దదయ్యాక గానీ లేచి నిలబడలేదు, దానికోసం అమెరికా వెళ్ళి పియర్ మాంటూ అనే పెద్ద కండక్టర్ దగ్గర నేర్చుకున్నారు కూడా. తొంభై రెండేళ్ళు బతికారు. ఈ సంగతులన్నీ నీకు ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను కదిలించేది ఒక్కటి: అప్పట్లో ఆయన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో కూర్చున్నది రెండో వయొలిన్ల ముందు కుర్చీలో. మొదటి వయొలిన్లకి రాగం వెళ్ళిపోతుంది, చప్పట్లూ వెళ్ళిపోతాయి. రెండో వయొలిన్లు లోపల కూర్చుని గోడ కడుతుంటారు. ఆ కుర్చీలోంచి లేచి వచ్చినవాడు బృందం కట్టాడు కాబట్టే అది నిలబడిందని నా నమ్మకం.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, నా బృందం పోయింది ఆ కుర్చీ దగ్గరే.

మీ నాన్నకీ, మీ పెద్దమ్మకీ, ఊళ్ళో అందరికీ నేను ముప్ఫై ఏళ్ళుగా ఒకటే చెప్పాను: కీబోర్డులు వచ్చాయి, తీగవాద్యాల బతుకు పోయింది, మా బృందమూ పోయింది అని. నువ్వూ నా నోట అదే విన్నావు. తొంభైల్లో కీబోర్డులు వచ్చి సినిమా వయొలిన్ల పొట్ట కొట్టిన మాట నిజమే. కానీ నా బృందం 1989లోనే పోయింది. దాన్ని నేనే పాడుచేశాను. ఈ మాట మొన్న రాత్రి మీ పెద్దమ్మకి మొదటిసారి చెప్పాను, ఇప్పుడు నీకు రాస్తున్నాను.

మద్రాసు నుంచి వచ్చేశాక 1986లో మొదలుపెట్టాం. పదహారు మందిమి. మొదటి వయొలిన్లు అయిదు, రెండోవి నాలుగు, వయొలిన్ కంటే కాస్త పెద్దవైన వయోలాలు మూడు, చెల్లోలు రెండు, ఒక బేస్, పోలీసు బ్యాండ్‌లో రిటైరైన ఒకాయన క్లారినెట్. రెండో వయొలిన్ల ముందు కుర్చీ మా మాస్టారిది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. సికింద్రాబాద్‌లో సగం మంది చర్చి పిల్లలకి వయొలిన్ చేతికిచ్చింది ఆయనే. మాకు రిహార్సల్‌కి చోటు లేనప్పుడు మొదటి ఏడాదంతా వాళ్ళ ఇంటి ముందు గదిలోనే వాయించాం. మంచం నిలబెట్టి గోడకి ఆనించేవారు. ఆయన భార్య పదహారు గ్లాసులు లేక రెండు విడతలుగా టీ ఇచ్చేది.

రెండో ఏడు దాటాక ఆయనకి ఎడమ చెవి తగ్గింది. ఎవరూ పైకి అనలేదు. నాకు తెలిసింది. ఎత్తుగడలో వెంట్రుకవాసి ఆలస్యం, పై స్థాయిలో శృతి కాస్త పైకి పోవడం. 1988 డిసెంబరులో మాకు పెద్ద కచేరీ కుదిరింది. మద్రాసు నుంచి సంగీతం తెలిసిన పెద్దలు వస్తున్నారన్నారు. నాకు ముప్ఫై ఆరేళ్ళు, కడుపు నిండా ఆశ. కచేరీకి వారం ముందు మద్రాసుకి ట్రంక్ కాల్ చేసి రికార్డింగుల్లో వాయించే ఒక కుర్రాడిని పిలిపించాను. రైలు ఖర్చులు నేనే పెట్టుకున్నాను. బుధవారం మాస్టారికి చెబుదామనుకున్నాను. బుధవారం ఆయన భార్య కూడా అక్కడే ఉంది, కుదరలేదు. గురువారం ఆయనకి జలుబు చేసింది, ఎందుకులే అనుకున్నాను. శుక్రవారం రాత్రి తొమ్మిదింటి దాకా ఆయన కూర్చుని రెండో వయొలిన్ల నాలుగు పార్టుల్లోనూ, అంటే వాళ్ళు చూసి వాయించే స్వరాల కాగితాల్లో, పెన్సిల్ గుర్తులు సరిచేస్తూ ఉన్నారు. లేచి వెళుతూ "రేపు నాలుగింటికే కదా?" అన్నారు. "అవును మాస్టారూ" అన్నాను. బుజ్జమ్మా, ఆ రెండు మాటలు అన్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

శనివారం నాలుగింటికి ఆయన వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెరిసే బూట్లు. రైల్వే మనిషి, నిమిషం ఆలస్యం లేదు. స్టేజీ మీద కుర్చీలు వేసి ఉన్నాయి. పదహారు. ఆయన కుర్చీలో ఆ కుర్రాడు కూర్చుని శృతి చేసుకుంటున్నాడు. మాస్టారు తెర పక్కనే ఆగిపోయారు. కుర్చీలు లెక్కపెట్టారు, ఆయన పెదాలు కదలడం చూశాను. తర్వాత నా వైపు చూశారు. నేను స్కోర్‌లో తల దూర్చి పేజీలు తిప్పుతున్నాను. తల ఎత్తలేదమ్మా. ఎత్తితే ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఆయన పెట్టె కింద పెట్టి నెమ్మదిగా ఆ కుర్రాడి దగ్గరకి వెళ్ళారు. గొడవ పెడతారనుకున్నాను. కాగితాలు వరసలో సర్ది, ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ మూడో పొజిషన్‌లోకి వెళ్ళు బాబూ, మొదటి పొజిషన్‌లో వాయిస్తే తర్వాతి స్వరం అందదు" అని చెప్పారు. అది ఆయన తడబడే చోటే. అంటే తన చెవి సంగతీ, తన తప్పుల సంగతీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. నేను వెళ్ళి అడిగి ఉంటే తనే తప్పుకుని, ఆ కుర్రాడికి వారం రోజులు నేర్పి ఉండేవారు. పెట్టె తీసుకుని మెట్లు దిగి వెనక వరుసలో కూర్చున్నారు. కచేరీ మొత్తం విన్నారు. బాగానే వాయించాం. చప్పట్లు కొట్టారు, శాలువాలు కప్పారు. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ వరుస ఖాళీగా ఉంది.

తర్వాతి ఆదివారం రిహార్సల్‌కి పదకొండు మంది వచ్చారు. ఆపై వారం ఎనిమిది. పెళ్ళిళ్ళ సీజన్ అనుకున్నాను. సంక్రాంతి అనుకున్నాను. చివరికి చెల్లో వాయించే అతను, నాకంటే చిన్నవాడు, వాద్యం సర్దుకుంటూ "అన్నయ్యా, నా కుర్చీ ఎప్పుడు తీసేస్తారో ముందే చెబుతారా, నాలుగింటికి వచ్చి చూసుకోవాలా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఉగాదికి ఇంకా బృందం ఉందని నేను అనుకుంటున్నాను గానీ, నిజానికి ఆ శనివారమే అయిపోయింది.

రెండేళ్ళ తర్వాత ఒకసారి ధైర్యం చేసి చిలకలగూడలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య టీ ఇచ్చింది, అవే గ్లాసులు. మాస్టారు నాకు ఎడమవైపు కూర్చున్నారు, వినపడే చెవి నా వైపు ఉండేలా. క్షమించమని అడగడానికే వెళ్ళాను. నోరు తెరిచి కమాను వెంట్రుకల ధర గురించి మాట్లాడాను. వెంట్రుకలు మార్చే మనిషి ఈ ఊళ్ళో లేడని మాట్లాడాను. లేవబోతుంటే ఆయన లోపలికి వెళ్ళి దారంతో కుట్టిన కట్ట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండో వయొలిన్ల పార్టులన్నీ. "నీకు పనికొస్తాయి" అన్నారు. ఆ మాట కూడా ఆయనే అన్నారు, నేనేమీ అనలేదు. 1996లో పోయారు. నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను.

నువ్వు ఎవరినీ ఎప్పుడూ మార్చకూడదని కాదు నేను చెప్పేది. మార్చవలసి వస్తుంది. సంగీతం పాడైపోతుంటే చూస్తూ ఊరుకుంటే అది మిగతా పదమూడు మందికి అన్యాయం. కానీ నువ్వే వాళ్ళింటికి వెళ్ళు. మెసేజ్ పెట్టకు, గ్రూపులో రాయకు, ఇంకొకరి చేత చెప్పించకు. కచేరీ ఇంకా రెండు నెలలుందనగా వెళ్ళు. మొదటి నిమిషంలోనే సంగతి చెప్పు, ఆలస్యమైతే నాలాగా ధరల గురించి మాట్లాడతావు. ఏ చోట ఏం వినపడుతోందో స్పష్టంగా చెప్పు, చెవి తగ్గిందో చెయ్యి వణుకుతోందో అనే తీర్పు మాత్రం వాళ్ళనే చెప్పనివ్వు. ఆ మనిషికి బృందంలో ఇంకేం పని ఇవ్వగలవో ముందే ఆలోచించుకుని వెళ్ళు. కుర్రవాళ్ళకి విడిగా రిహార్సల్ చేయించడం ఉంది, పార్టుల్లో కమాను గుర్తులు పెట్టడం ఉంది, మూడో వరుసలో కూర్చోవడం ఉంది. వద్దంటే వద్దన్నట్టు. అడిగావు కదా.

కచేరీ రోజున కుర్చీలు నువ్వే వెయ్యి. ఎంత పెద్దదానివైనా సరే, వేరేవాళ్ళకి ఆ పని అప్పగించకు. ఒక్కొక్క కుర్చీ వేస్తూ అందులో కూర్చునే మనిషి పేరు మనసులో అనుకో. వాళ్ళు ఒక్కొక్కరూ లోపలికి వస్తుంటే తలెత్తి చూడు.

నీకు ఇంకో భయం చెప్పి ఆపేస్తాను. కండక్టర్ స్టూలు ఎక్కి నిలబడ్డప్పుడు అంతమందిలో శబ్దం చేయనిది నువ్వొక్కదానివే. కొన్నాళ్ళకి ఆ శబ్దమంతా నీదే అనిపిస్తుంది. నాకు అనిపించింది. వారానికి ఒక్కరోజైనా ఇంకెవరి బృందంలోనైనా చెల్లో పట్టుకుని వెనక కూర్చో. చర్చిలో అయినా సరే, ఏ పిల్లల స్కూల్లో అయినా సరే. ఎవరైనా నీ వైపు చూసి చేయి ఎత్తితే ఎలా ఉంటుందో మరిచిపోకూడదు. వేళకి తిను. రిహార్సల్ ఉన్న రోజు పొద్దున నువ్వు టిఫిన్ మానేస్తావని మీ అమ్మ చెప్పింది. ఖాళీ కడుపుతో నిలబడితే రెండో గంటకి అందరి మీదా విసుక్కుంటావు. రెండు ఇడ్లీలు తిని వెళ్ళు తల్లీ.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడు నామీద కోప్పడతాడు, పడనీ. నా కచేరీ రోజు ముందు వరుసలో కూర్చుని అందరికంటే ఎక్కువ చప్పట్లు కొట్టింది వాడే.

ఆదివారం కారు తీసుకుని రా. మాస్టారి పార్టుల కట్ట ఇస్తాను. కాగితాలు పసుపురంగుకి తిరిగాయి గానీ పెన్సిల్ గుర్తులు చెక్కుచెదరలేదు, మొజార్ట్ కూడా అందులోనే ఉంది. జాగ్రత్తగా ఫొటోలు తీసుకుని వాడుకో, అసలువి మడత పెట్టకు. అటక మీద మా మడత కుర్చీలున్నాయి, షామియానా కొట్టు మూసేస్తుంటే అప్పట్లో కొన్నవి. నిన్న పక్కింటి అబ్బాయి చేత దింపించి తుడిపించాను. పదహారూ ఉన్నాయి, రెండింటికి రబ్బరు కాళ్ళు వేయించాలి. పదిహేడోది పొద్దున రాణీగంజ్ వెళ్ళి కొనుక్కొచ్చాను. రంగు కలవలేదు. అయినా అదీ తీసుకెళ్ళు.

నీ
పెదనాన్న